ఇరవైమూడు తనిఖీలు

రైలు పది నలభైకి. స్టేషను అరగంట దూరం. తొమ్మిదికి బయలుదేరితే నింపాదిగా చేరుకోవచ్చని ముందు రోజే అనుకున్నారు. అయినా బ్రేకుల మాస్టారు పొద్దున్న ఆరింటికే కారు బానెట్ ఎత్తడం చూసి ఆయన భార్య గుండెల్లో రాయి పడింది.

మాస్టారు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు బండ్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. ఆయన సంతకం పడితేనే బస్సు గేటు దాటేది. ఎదురైన ప్రతివాడినీ నిలబెట్టి బ్రేకుల గురించి చెబుతారు గనక వీధివాళ్లు ఆ పేరు ఖాయం చేశారు. ఇప్పుడు ఆయన ఏలుబడిలో మిగిలింది ఒక్క పాత కారు. దానికి ఇరవైమూడు తనిఖీలు. అవన్నీ అయ్యేదాకా బండి అంగుళం కదలకూడదు. మధ్యలో ఆటంకం వస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు.

వెళ్తున్నది మాస్టారి అక్క. నాలుగు నెలల కిందట ఆవిడ భర్త పోయాడు. తమ్ముడి ఇంటికి వచ్చి పదిహేను రోజులుంది. ఈ సాయంత్రం తాళం తీసి, ఎవరూ లేని ఇంట్లో అడుగుపెట్టాలి. "ఇక్కడే ఉండిపోండి వదినా" అన్న ఒక్క మాట పదిహేను రోజులుగా మరదలి నాలుక చివర వేలాడుతోంది. బయటికి రాదు. దానికి కారణముంది. కాపురానికి వచ్చిన కొత్తలో, పాలు ఎన్ని పోయించుకోవాలో తేల్చుకుందామని, "ఎన్నాళ్లుంటారు వదినా?" అని అడిగింది. వదిన ఆ పూటే పెట్టె సర్దుకుంది. మళ్లీ తొమ్మిదేళ్లు గడప తొక్కలేదు. అప్పటినుంచి వదిన ఎదుట నోరు విప్పాలంటే మరదలికి భయం. పంపించడమన్నా భయమే. ఆమె చెయ్యి ఊపి సాగనంపిన వాళ్లలో కన్నతల్లి తిరిగి రాలేదు, తోడబుట్టిన చెల్లెలు తిరిగి రాలేదు. రైలు కిటికీలోంచి ఊగే చెయ్యి చూస్తే చాలు, ఇప్పటికీ ఆమె ముఖం తిప్పేసుకుంటుంది.

"ఏవండీ, మీరైనా చెప్పకూడదూ?" అంది బానెట్ పక్కన నిలబడి.

"ఏమని?"

"వదినగారిని ఉండిపొమ్మని."

మాస్టారు ఆయిలు కొలిచే పుల్లను గుడ్డతో తుడిచి, లోపల పెట్టి, తీసి, వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు.

"ఆయిలు సరిగ్గా ఉంది" అన్నారు.

అంతకు మించి జవాబు రాదని ఆమెకు తెలుసు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయని కూడా తెలుసు. పుల్ల చివర చూస్తే కళ్లు ఎందుకు ఎర్రబడతాయో అడిగేంత ధైర్యం ఆమెకు లేదు.

తొమ్మిదో తనిఖీ లైట్లు. ఆయన లోపల కూర్చుని స్విచ్చులు వేస్తే, ఆమె ముందుకూ వెనక్కూ తిరిగి "వెలుగుతున్నాయి" అని చెప్పింది. పదోది స్టెప్నీ. అది డిక్కీ అడుగున ఉంది. పైన వదిన సామాను ఉంది. మాస్టారు రెండు పెట్టెలూ ఒక సంచీ దించి గేటు బయట పెట్టి, స్టెప్నీని వేలితో నొక్కారు. వేలు లోపలికి దిగింది.

"గాలి లేదు. ఇలాగే వెళ్లుంటే?" అన్నారు, దారిలో చావు తప్పినట్టు.

"కార్లో తీసుకెళ్లి కొట్టించుకురండి."

"తనిఖీ పూర్తికాని బండి కదలకూడదు" అని చెప్పి, చక్రాన్ని దొర్లించుకుంటూ వీధి చివరికి నడిచారు. వెళ్తూ వెనక్కి తిరిగి, "నేనొచ్చేదాకా ఏదీ ముట్టుకోకు!" అని అరిచారు. అప్పుడు టైము ఏడున్నర. పంక్చర్ షాపు తెరిచేది తొమ్మిదికి.

కాసేపటికి వదిన బయటికి వచ్చింది. గేటు బయట తన సామాను చూసింది.

"అప్పుడే వీధిలో పెట్టేశారా?"

"అయ్యో, కాదు వదినా! స్టెప్నీ కోసం..."

"పెడితే పెట్టారులే. ఎలాగూ పోయేదాన్నేగా." వదిన కారు వంక చూసింది. "పట్టపగలు ఈ లైట్లేమిటే?"

మరదలు ఉలిక్కిపడి చూసింది. నిజమే. ముందువీ వెనకవీ అన్నీ వెలుగుతున్నాయి. చెయ్యి తలుపుదాకా వెళ్లి ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ కార్లో ఆమె ముట్టుకున్నది సీటు బెల్టు ఒక్కటే.

"ఆయన ముట్టుకోవద్దన్నారు" అంది.

"అయితే వద్దులే. వాడి బండి, వాడిష్టం" అని వదిన తన పెట్టె మీదే కూర్చుంది. ఇద్దరూ వెలుగుతున్న లైట్లను చూస్తూ ఉండిపోయారు. మాట్లాడడానికి అంత మంచి సమయం మళ్లీ దొరకదని మరదలికి తెలుసు. మూడుసార్లు గొంతు సవరించుకుంది.

"జలుబా?" అంది వదిన.

"ఆఁ. కొంచెం" అంది మరదలు.

మాస్టారు తొమ్మిదీ ఇరవైకి చక్రంతో తిరిగొచ్చారు. దాన్నీ సామానునూ డిక్కీలో సర్ది, పదకొండో తనిఖీగా సెల్ఫు కొడితే కారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. రెండోసారి మూలగనైనా లేదు.

"బ్యాటరీ దిగిపోయింది. లైట్లు ఎవరు వేశారు?"

"మీరే."

"ఆపొచ్చుగా!"

"ముట్టుకోవద్దన్నారుగా!"

ముప్పై నాలుగేళ్లలో ఆయన సంతకం పెట్టిన బండి ఏదీ దారిలో ఆగలేదు. ఇంటి ముందే ఆగిన బండిని ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. చివరికి ఎదురింటి దర్జీ మెడలో టేపుతోనే వచ్చి, తోస్తే కదులుతుందన్నాడు. మాస్టారు స్టీరింగు పట్టుకున్నారు. వెనక దర్జీ, ఒక పక్క మరదలు, రెండో పక్క అరవై తొమ్మిదేళ్ల వదిన.

"మీరొద్దు వదినా, నడుము పట్టేస్తుంది."

"ఫర్వాలేదే. పోయేదాన్ని నేను, తోసుకోవద్దూ?" అని వదిన భుజం ఆనించింది.

మరదలికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తోసింది. మలుపు దగ్గర కారు దగ్గి, పొగ వదిలి, అందుకుంది. మాస్టారు దాన్ని గుండ్రంగా తిప్పుకొచ్చి గేటు ముందు ఆపి, ఇంజను తిరుగుతుండగానే తల బయటపెట్టారు.

"మధ్యలో ఆగింది గనక మళ్లీ ఒకటి నుంచి చూడాలి. ఇంజను ఆపితే గానీ ఆయిలు తెలీదు."

"ఆపారంటే ఊరుకోను!" అంది మరదలు. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "పదండి, రైలెళ్లిపోతుంది! త్వరగా ఎక్కండి వదినా, త్వరగా!"

వదిన ముఖం మాడిపోయింది. "ఎక్కుతున్నా మరదలా. ఈ రైలు తప్పితే ఇంకో పూట నీ నెత్తిన ఉంటానని నీ భయం. నాకు తెలీదూ?"

దారిలో మాస్టారు ముందున్న లారీకి ఎంత దూరం వదలాలో రెండుసార్లు చెప్పారు. మరదలు కిటికీవైపు తిరిగి కూర్చుంది. మళ్లీ తొమ్మిదేళ్లు, అనుకుంది. కానీ ఈసారి ఇద్దరి దగ్గరా తొమ్మిదేళ్లు ఉన్నాయో లేవో.

స్టేషను చేరేసరికి పదీ ముప్పై. రైలు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. మాస్టారు సామాను బోగీలోకి ఎక్కించి, గుమ్మంలోంచి చెయ్యి అడ్డం పెట్టారు.

"అక్కా, ఆగు. పై బెర్తు గొలుసు ఎలా ఉందో చూసి పిలుస్తా. ఊడి నెత్తిన పడిందంటే అంతే సంగతులు."

లోపల ఆయన గొలుసు లాగడం, కిటికీ రెక్క దించి ఎత్తడం, సీటు కింద వంగి చూడడం కనిపిస్తున్నాయి. కింద ఇద్దరూ నిలబడ్డారు. గుమ్మానికీ వదినకీ మధ్య మూడడుగులు. మరదలు నోరు తెరిచింది. కూత వినిపించింది. రైలు కదిలింది.

"ఎక్కండి వదినా" అనాలి. ఆమె అనలేదు. ఎక్కడానికి వదినకు బోలెడు వ్యవధి ఉంది. కానీ ఆవిడ నేలకు అతికించినట్టు నిలబడిపోయింది.

మాస్టారు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి రెండు కడ్డీలూ పట్టుకున్నారు. కదిలే బండి దిగకూడదని జీవితమంతా చెప్పిన మనిషి. దిగలేదు. అక్కనూ భార్యనూ చూస్తూ, జేబులోని కారు తాళంచెవితో, అక్క సామానుతో సహా వెళ్లిపోయారు.

ఇద్దరూ ఖాళీ పట్టాల వంక చూస్తూ నిలబడ్డారు.

"అయ్యో, ఆయన..." అంది మరదలు.

"వాడికేం కాదు. పక్క స్టేషన్లో దిగి వస్తాడు." వదిన బెంచీ మీద కూలబడింది. ముఖం తిప్పుకుని, "ఆ ఇంటికి వెళ్లాలంటే నాకు భయంగా ఉందే" అంది.

మరదలు పక్కన కూర్చుంది. "వెళ్లకండి వదినా. ఇప్పటిదాకా అనలేక చచ్చాను. మన ఇంట్లో ఉండిపోండి."

"ముందే ఏడవొచ్చుగా ఆ మాట?"

"మీకు కోపమొస్తుందని."

"వచ్చేదే" అని ఒప్పుకుంది వదిన. కళ్లు తుడుచుకుని మరదలి చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు కోప్పడి పోదామన్నా కట్టుకోడానికి చీర లేదు. పద, ఆటో చూడు."

పక్క స్టేషన్లో దిగిన మాస్టారు ఇంటికి ఫోను చేయడానికి ముందు ఫిర్యాదుల పుస్తకం అడిగి, తనిఖీ పూర్తికాకుండానే బండి వదిలారని రాసి, కింద సంతకం పెట్టారు.