ఉప్పు లేని షష్టిపూర్తి

ఎండ ముదరకముందే పులిహోర కలిపేసి, బూరెలు దించేసి, బంతి సాగుతుంటే భుజాన తువ్వాలుతో దర్జాగా నిలబడాలన్నది ఆ ఆదివారం వంటమేస్త్రి నరసింగరావు ప్లాను. అరసవల్లిలో గణపతిరావుగారి షష్టిపూర్తి. చుట్టాల్లో ఎక్కువమంది అరవైకి దగ్గరపడ్డవాళ్ళో, దాటినవాళ్ళో. అంటే నోటికి కాస్త రుచి తగ్గినా ఊరంతా చెప్పుకునే రకం.

నరసింగరావుకు ఆమధ్య గుండెలో పట్టేసినట్టుంటే డాక్టరు ఉప్పూ నూనే తగ్గించమన్నాడు. ఈ సంగతి బయటపడితే, రుచి చూడలేని మేస్త్రిని పెళ్ళికి ఎవరు పిలుస్తారు? సీజనంతా పోటీ మేస్త్రి పాలవుతుంది. అందుకని సూర్యనారాయణస్వామికి మొక్కుకున్నాననీ, ఉప్పూ నూనే ముట్టననీ చెప్పేశాడు. ఆదివారాలు చప్పిడి తినేవాళ్ళు బోలెడుమంది ఉన్న ఊరు కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

అతని భార్య దుర్గాభవానికి మాత్రం అది మింగుడుపడలేదు. "సామి పేరు మీద అబద్దాలేటి మావా? నిజం సెప్పీరాదా?"

"సెప్తే మన పొయ్యి ఆరిపోద్దే. నువ్వు నోరిప్పకు."

ఆవిడ నోరిప్పలేదు గానీ మొగుణ్ణి నమ్మలేదు. గరిట నాకుతాడని భయం. ఆ గుండె ఆవిడకి కావాలి మరి. రుచి చూడటానికి తన తమ్ముడు కొండబాబుని పొయ్యిల దగ్గర కాపలా పెట్టింది.

పొయ్యిలు వెలిగించేసరికి గణపతిరావు పట్టుపంచెలో వచ్చాడు. "ఏటి మేస్త్రీ, నువ్వు మొక్కులో ఉండి మాకు ఉప్పేసి వండుతావా? ఆ పాపం నాకొద్దు. ఇయ్యాల బంతంతా సప్పిడే! ఉప్పు బస్తా, నూనె డబ్బాలూ గదిలో పెట్టి తాళం ఏసీసినాను."

నరసింగరావు చేతిలో గరిట కింద పెట్టేశాడు. "బాబూ, మొక్కు నాది. పాపం సుట్టాలేటి సేసినారు?"

"పుణ్యం పంచుకుంటారు. నువ్వు వండు."

కాదంటే మొక్కు గుట్టు బయటపడుతుంది, అవునంటే వంట పరువు పోతుంది. "బావా, పారిపోదామా?" అన్నాడు కొండబాబు మెల్లగా. నరసింగరావు తువ్వాలు బిగించాడు. బూరెలు మానేసి పరమాన్నం పెట్టాడు. పప్పులో అల్లం, మిరియం దంచి పోశాడు. గుమ్మడికాయ కూరకి ఆవ ఘాటుగా నూరి పెట్టాడు. నిమ్మకాయలు పిండి పిండి వేళ్ళు మండిపోయాయి. అంత శ్రద్ధగా అతను తన పెళ్ళి విందు కూడా వండలేదు.

బంతి కూర్చుంది. పెద్దలు తలొంచుకుని తింటున్నారు. కుర్రకారు రెండు ముద్దలు తిని వీధి చివర బజ్జీల బండికేసి నడిచారు. ఇంతలో బంతి మొదట్లో కూర్చున్న నెల్లిమర్ల వియ్యంకుడు యుగంధర్ గొంతెత్తాడు. "ఆ మేస్త్రినోసారి పిలవండి!"

నరసింగరావు వెళ్ళి చేతులు జోడించాడు. దాచే ఓపిక ఇక లేదు. "తప్పు నాదే బాబూ. మొక్కూ లేదు, ఏటీ లేదు. గుండె బాగోలేక డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. సెప్తే పని పోతాదని ఆ సామిని అడ్డం పెట్టుకున్నాను." దుర్గాభవాని పరుగున వచ్చి పక్కన నిలబడింది. తిడితే ఇద్దరినీ తిట్టాలన్నట్టు.

యుగంధర్ తెల్లబోయాడు. "నేను పిలిసింది పప్పు మారు ఎయ్యమనయ్యా! నాకూ డాక్టరు అదే సెప్పినాడు." అంటూ జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. పక్కాయన కూడా తీశాడు. ఆ వరుసలో అట్ట లేని జేబు ఒక్కటీ కనబడలేదు.

గణపతిరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకూ బీపీ, షుగరూ ఉన్నాయయ్యా. మళ్ళీ పెళ్ళికొడుకునైన రోజున ఆ మాటేటి సెప్పుకోను? అందుకే నీ మొక్కుని పట్టుకున్నాను." వెనకాలే పరమాన్నం గిన్నెతో నిలబడ్డ ఆయన భార్య ఆ మాట విని, గిన్నె వెనక్కి పట్టుకుపోయింది.

సాయంత్రం లోపలే యుగంధర్ తన షష్టిపూర్తికి ఈ వంటే కావాలని బయానా ఇచ్చాడు. ఇప్పుడు నరసింగరావు చప్పిడి బంతికి నెల్లిమర్ల దాకా గిరాకీ. ఆ వంటని ఇంకా ఇష్టపడని పెద్దమనిషి జిల్లాలో ఒక్కడే మిగిలాడు, దాన్ని వండుతున్నదీ అతనే.