తిరగని ఫ్యాను కింద మొదటి ఆపరేషన్

సూర్యాపేటలోని అమృతధార సేవా సమితి దవాఖానలో ఆపరేషన్ థియేటర్ సర్వాంగ సుందరంగా తయారై ఏడాది కావస్తున్నదనీ, అందులో ఇంతవరకు ఎవరికీ ఆపరేషన్ జరగనందువల్ల అది ఇప్పటికీ కొత్తదానిలాగే మెరుస్తున్నదనీ ప్రజలకు సంతోషంతో తెలియజేయడమైనది.

థియేటర్‌కు సొమ్మంతా సముద్రాల అవతలి ఒక ఫౌండేషన్ ఇచ్చింది. పేద దేశాల్లో డబ్బు లేక ఎవరి ఆపరేషనూ ఆగిపోకూడదని వాళ్ల ఆశయం. బల్ల, లైటు, మత్తు మిషను అన్నీ వాళ్లవే. అయితే ఊరి పెద్దమనుషుల పేర్లు లేని గది ఊళ్లో ఉండటం మర్యాద కాదు కాబట్టి, సమితి అధ్యక్షులు కృష్ణమూర్తి గారు స్థానిక దాతలకు కూడా అవకాశం కల్పించారు. ఒకరు గడియారం ఇచ్చారు. ఒకరు చెప్పుల స్టాండు ఇచ్చారు. కోదాడ దాత ఒకాయన సీలింగు ఫ్యాను ఇచ్చి, ఒక రెక్క మీద తన పేరు, ఇంకో రెక్క మీద భార్య పేరు ఎర్ర రంగుతో రాయించారు. థియేటర్లో ఫ్యాను తిరిగితే కోత మీద దుమ్ము పడుతుందని డాక్టర్ శ్రావణి అభ్యంతరం చెప్పింది. సమితి ఆమె మాటను గౌరవించింది. ఫ్యాను బిగించారు, కరెంటు ఇవ్వలేదు. పేర్లు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి.

మొదటి ఆపరేషన్‌కు ఎంపికైన అదృష్టవంతుడు భద్రు. ఆత్మకూర్ (ఎస్) దగ్గరి తండా మనిషి. సూర్యాపేట మార్కెట్లో హమాలి. ఇరవై ఏళ్లు బస్తాలు మోయడంతో గజ్జలో వాపు తేలింది. డాక్టరమ్మ చూసి హెర్నియా అన్నది. కోసి కుట్టాలి, ఆ తర్వాత మూడు నెలలు బరువు ఎత్తొద్దు అన్నది. భద్రు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. జులైలో కోస్తే దీపావళికి వడ్లు మార్కెట్‌కు దిగే వేళకు నడుము సిద్ధం. ఆ సీజను పోతే ఇంట్లో పొయ్యి మీద పెట్టడానికి ఏమీ ఉండదు.

అర్జీలు పద్నాలుగు వచ్చాయి. వాపులు అందరివీ ఒకటే. భద్రు ముఖంలో పేదరికం ఫోటోకు అనువుగా ఉన్నదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రారంభోత్సవం రోజే, ముఖ్య అతిథి సమక్షంలోనే ఆపరేషన్. అందాక గడ్డం గీసుకోవద్దని, కొత్త అంగీ వేసుకోవద్దని కృష్ణమూర్తి గారు స్వయంగా సలహా ఇచ్చారు.

జులై మొదటి వారంలో భద్రు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా, భార్య చిన్నిని వెంటబెట్టుకొని వచ్చాడు. గుమ్మడికాయ కొట్టడానికి వచ్చిన అయ్యగారు ఇది ఆషాఢం కదా అని గుర్తుచేశారు. ఆషాఢంలో మంచి పనులు చేయరు. రోగం రావచ్చు గాని, తగ్గించుకోవడం శ్రావణంలోనే.

శ్రావణంలో భద్రు మళ్లీ పస్తుండి వచ్చాడు. ఆ రోజు ముఖ్య అతిథికి పదకొండు పెళ్లిళ్లున్నాయి. మధ్యాహ్నం రెండింటికి కబురు తెలిసింది. వరండాలో చిన్ని టిఫిన్ గిన్నె మూత తీసింది. ఇంట్లో అయితే లంబాడీలో మాట్లాడేది గాని, అందరికీ వినబడాలని తెలుగులోనే అన్నది.

"ఆపరేషన్‌కు వస్తున్నవా, ఒక్కపొద్దులు పడుతున్నవా? గిన్ని ఒక్కపొద్దులు దేవునికి పట్టినా ఈపాటికి తగ్గుతుండె."

మూడోసారి సెప్టెంబర్లో అన్నీ కుదిరాయి. అతిథి బయలుదేరారు. తీరా శిలాఫలకం మీది తెర ఎత్తి చూస్తే, బకెట్లు ఇచ్చిన త్రిపురారం దాత పేరు లేదు. ఆయన తన బకెట్లు తాను తీసుకుపోతానన్నారు. కొత్త రాయి చెక్కించే దాకా కార్యక్రమం వాయిదా పడింది.

ఆ సాయంత్రం డాక్టర్ శ్రావణి భద్రును పక్కకు పిలిచింది. ఆమె ఉద్యోగం సర్కారు దవాఖానలో. ఇక్కడికి సేవకని వస్తుంది గాని, ఇంకా సేవ మొదలు కాలేదు.

"భద్రూ, రేపు పొద్దున పెద్ద దవాఖానకు రా. నేనే చేస్త."

"గాడ రిబ్బను ఎవరు కోస్తరమ్మా?"

"గాడ కడుపే కోస్తం. జల్ది రా."

మర్నాడు ముప్పావుగంటలో పని అయిపోయింది. అక్కడ శిలాఫలకం లేదు, ఫ్యానులకు పేర్లు లేవు. ఇంత ముఖ్యమైన పని ఇంత చప్పుడు లేకుండా జరిగితే అది నిజంగా జరిగిందా అని భద్రుకే రెండు రోజులు అనుమానంగా ఉండింది. కుట్ల నొప్పి వల్ల నమ్మాడు. కాని మూడు నెలల లెక్క తప్పింది. వడ్లు దిగే వేళకు అతను మంచం మీదే ఉండాలి.

దసరాకు కొత్త రాయి వచ్చింది. కృష్ణమూర్తి గారు ఫోన్ చేసి పస్తుండి రమ్మన్నారు. భద్రు భయపడుతూ సంగతి చెప్పాడు. కృష్ణమూర్తి గారు నొచ్చుకున్నారు.

"మమ్ముల అడగకుండ ఎట్ల చేయించుకున్నవ్? ఫౌండేషనోళ్లకు నీ ఫోటో పంపినం గదా. గింత నమ్మకద్రోహం చేస్తవనుకోలే."

కమిటీ అత్యవసరంగా కూర్చున్నది. ఆపరేషన్ ఉద్దేశం రోగి బాగుపడటం. రోగి బాగుపడ్డాడు. కాబట్టి ఉద్దేశం ముందే నెరవేరింది. పైగా ఆరోగ్యంగా ఉన్న రోగికి అతిథి ముందు ఏమీ కాదు. ఇంతకంటే సురక్షితమైన శస్త్రచికిత్స వైద్యశాస్త్రంలో లేదని తేల్చారు. డాక్టర్ శ్రావణి ఆ రోజుకు సెలవు చీటీ పంపింది.

భద్రు బల్ల మీద పడుకున్నాడు. నెత్తి ఉత్తరానికి ఉండకూడదని బల్లను అటుదిటు తిప్పారు. దాంతో ఫౌండేషన్ వారి ఖరీదైన లైటు అతని పాదాల మీద పడింది. అతిథి మాస్కును గడ్డానికి పెట్టుకొని, రిబ్బను కోసిన కత్తెరతోనే ఫోటో దిగి, ప్రసంగించారు.

"ఈ బల్ల మీద పడుకున్నది ఒక్క భద్రు కాదు. ఇది మన జిల్లా. భద్రు లేస్తే జిల్లా లేచినట్టు."

పది నిమిషాల తర్వాత జిల్లా లేచి శాలువా కప్పించుకున్నది. మానిన కోతను వీడియో కాల్‌లో చూసి ఫౌండేషన్ పెద్దలు నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత వేగంగా గాయం మానడం వాళ్ల దేశంలోనే చూడలేదట. వెంటనే మిర్యాలగూడకు ఒకటి, కోదాడకు ఒకటి థియేటర్లు మంజూరు చేశారు.

దీపావళికి మార్కెట్ నిండా వడ్లు పోశారు. తోటి హమాలీలు బస్తాలు మోస్తుంటే భద్రు గేటు దగ్గర సమితి కట్టించిన తన ఫ్లెక్సీ కిందనే కూర్చున్నాడు. మూడు రోజుల్లో పనికి తిరిగొచ్చాడని దాని మీద రాసి ఉంది. ఈ సీజను ఎట్లా గడుస్తుందో దాని మీద రాయలేదు.

అప్పుడే కృష్ణమూర్తి గారి ఫోన్ వచ్చింది. మిర్యాలగూడలో మొదటి ఆపరేషన్‌కు అనుభవమున్న రోగి కావాలట. భద్రు ఒక్క మాటే అడిగాడు.

"కూలి ఇస్తరా సార్? డాక్టరమ్మ బరువు ఎత్తొద్దన్నది గని, పండుకోవద్దనలే."

మిర్యాలగూడలో, ఆ తర్వాత కోదాడలో భద్రు విజయవంతంగా కోలుకున్నాడు. మూడు శాలువలు వచ్చాయి. చిన్ని ఒకటి దుప్పటి చేసింది.

నిజంగా హెర్నియా ఉన్న తోటి హమాలి హర్యా ఒకరోజు బతిమాలాడు. "అన్నా, నా పేరు గూడ గాడ చెప్పరాదు."

"ముందుగాల పెద్ద దవాఖానల చేయించుకో, తర్వాత చెప్త. నొప్పి ఉన్నోళ్లను వాళ్లు తీసుకోరు."

చివరగా ఒక మనవి. సూర్యాపేట థియేటర్లోని ఫ్యానుకు మూడో రెక్క ఇంకా ఖాళీగానే ఉంది. మీలాంటి ఉదార హృదయులు సంప్రదించవచ్చు. ఎప్పుడు వచ్చి చూసుకున్నా మీ పేరు స్పష్టంగా కనబడుతుంది. అడ్డంగా రోగులెవరూ ఉండరు.