ఇష్టముంటేనే పంపాల్సిన వీడియో

కాలేజీ అప్లికేషన్‌తో పాటు పిల్లలు తమ గురించి పంపే వీడియో ఉంది చూశారూ, మా తండాకు తారురోడ్డు పడ్డాక వచ్చిన మేళ్లన్నిటిలోకీ అదే పెద్దది! కాదనేవాళ్లు చెయ్యెత్తండి. బలవంతమేమీ లేదు, ఎత్తడం ఆప్షనలే.

మా కాలంలో ఒక మనిషిని తెలుసుకోవాలంటే ఎంత తతంగం! వాళ్ల ఊరు పోవాలి, మంచినీళ్లు తాగాలి, చేను చూడాలి, పక్కింటివాడిని చాటుగా అడగాలి. ఇప్పుడో? తొంభై సెకన్లు! సెల్‌ఫోన్ ముందు నిలబడి చేతులు తిప్పుతూ మాట్లాడితే, హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చున్న పెద్దలకు లోపలి మనిషి మొత్తం కనబడిపోతాడు. ఎక్స్‌రే కూడా ఇంత పని చెయ్యదు. దానికి ఊపిరి బిగబట్టాలి, దీనికి పళ్లు కనబడితే చాలు.

మా మనవరాలు కవిత ఇంటర్లో వెయ్యికి తొమ్మిది వందల డెబ్బై ఒకటి తెచ్చుకుంది. వేసవిలో తెల్లారకముందే అడవికి పోయి బీడీలు చుట్టే తునికాకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, ఆకు కొనే కల్లంలో అప్పజెప్పి వచ్చి పుస్తకం పట్టే పిల్ల. హైదరాబాదు అవతల ఒక పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు లేని సీట్లు పది ఉన్నాయని తెలిసి అప్లై చేసింది. అవి పేదరికం చూసి ఇచ్చేవి కావట, వ్యక్తిత్వం చూసి ఇచ్చేవట. ఆ పదిలో ఒకటి దొరికితేనే ఆమెకు ఆ చదువు. లేదంటే లేదు.

అప్లికేషన్‌లో చిట్టచివరి గడి: 'మీ గురించి మీ మాటల్లో తొంభై సెకన్ల వీడియో. ఆప్షనల్.'

ఇక్కడ మా తండా పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో ఎవరి గురించి వాళ్లు చెప్పుకోరు. చుట్టం వస్తే బుద్ధిగా కూర్చుంటాడు. ఆయన ఎవరో, ఎంతటివాడో పక్కనున్నవాడు చెబుతాడు. తన గొప్ప తానే చెప్పుకునేవాడు తాగి అయినా ఉండాలి, సర్పంచి ఎన్నికలో నిలబడి అయినా ఉండాలి.

కవిత ఫోన్ ముందు నిలబడి "నా పేరు కవిత" అంది. అలవాటు కొద్దీ పక్కకు చూసింది. ఇంక పక్కవాళ్లు అందుకోవద్దూ? మా ఆవిడ గోరి అందుకుంది.

"ఇది పుట్టిన్నాడు వాగు పొంగి రోడ్డు తెగింది. ట్రాక్టరు మీద దవాఖానాకు తీస్కపోతుంటే నడిమిట్లనే పుట్టింది. అప్పటికెల్లే జల్దీ దీనికి!"

"దీని కట్టల ఒక్క ఆకు తక్కువ పడదు. కల్లంల అందరియి లెక్కవెడతరు, దీనియి పెట్టరు," అన్నాడు గుమ్మంలోంచి పక్కింటి పూల్‌సింగ్.

నేను మాత్రం ఊరుకుంటానా? ఉన్నదే చెప్పాను. పోయిన చలికాలం కవిత గట్టిగా ట్రిగనామెట్రీ చదువుతుంటే అడవిలోంచి ఎలుగుబంటి వచ్చి అరుగు పక్కన కూర్చుంది. సైన్ విన్నది, కాస్ విన్నది. టాన్ మొదలయ్యేసరికి లేచి దండం పెట్టి వెళ్లిపోయింది.

"దాదా, అది టాన్‌కు పోలే. నువ్వు దగ్గినవ్, గందుకు పోయింది," అంది కవిత.

వీడియో నలభై ఒక్క నిమిషాలు వచ్చింది. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో కంప్యూటర్ సెంటర్ నడిపే మా శ్రీధర్‌కు చూపిస్తే నెత్తి పట్టుకున్నాడు.

"గిట్ల కాదు తాతా! ప్యాషన్ కనబడాలె. తునికాకు అనొద్దు, ఫారెస్ట్ స్టార్టప్ అనాలె."

"మరి ఎలుగుబంటి?"

"వైల్డ్‌లైఫ్ అవేర్‌నెస్."

కవిత నవ్వింది. "ఏంది దాదా, నేను నా లెక్కనే ఉంటే నడవదా? ఆప్షనలే కద."

ఏడో తరగతి పాసైన పెద్దమనిషిగా నేనే తీర్పు చెప్పాను. "అవ్ బిడ్డా. ఇష్టముంటేనే అని రాసిన్రు. గంత పెద్ద చదువులోళ్లు అబద్ధం రాస్తరా?" గడి ఖాళీగానే పోయింది. చిన్నప్పుడు మా సారు "ఇష్టమున్నోళ్లే మా ఇంటికి కట్టెలు తెండి" అనేవాడు. ఇష్టం లేదన్న మా తరగతి బద్యా ఆ ఏడాదంతా గోడకుర్చీ వేశాడు. ఆ సంగతి సమయానికి నాకు గుర్తు రాలేదు!

ఆ వారమే మా తండాలో ఒక డ్రోన్ ఎగిరింది. గద్ద అనుకుని మా కోళ్లు మూడు రోజులు గుడ్లు పెట్టలేదు. దాని కింద ఇద్దరు కెమెరావాళ్లు, నవ్వడం నేర్పే ఒక మేడమ్, ఉదయ్ భాస్కర్. ఎర్రుపాలెం వైపు మామిడితోటలున్న వెంకటరామారావు గారి మనవడు. అతను అప్లై చేసిందీ అదే యూనివర్సిటీకి, అవే పది సీట్లకు. వీడియో పేరు 'అడవి బిడ్డలకు అక్షరాలు'.

పిల్లవాడు మంచివాడే. "తాతగారూ, కాసేపు ఎవరైనా కూర్చుంటారా అండి?" అని మర్యాదగా అడిగాడు. కవితతో పాటు నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టాను. అతను బోర్డు మీద ఇంటిగ్రేషన్ లెక్క మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. కవిత లేచి, సుద్దముక్క తీసుకుని, మిగతాది ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తి చేసింది.

"థాంక్సండి. ఇప్పుడు మీరు కింద కూర్చోండి, వెనక నుంచి తీస్తారు," అన్నాడు. కూర్చుంది. కెమెరా తిరిగింది. "అర్థమైందా?" అని అడిగాడు. కవిత నవ్వాపుకుని "అవ్ సార్" అంది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఉదయ్ భాస్కర్‌కు సీటు. కవితకు లేదు.

సిగ్నల్ అందే వాటర్ ట్యాంకు మెట్ల మీదికి తండా అంతా ఎక్కాం. కవిత యూనివర్సిటీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"వీడియో ఆప్షనల్ అన్నరు కద మేడమ్?"

"ఆప్షనలే అమ్మా. పంపనివాళ్లకు మార్కులు తగ్గించలేదు. పంపినవాళ్లకు కలిపాం, అంతే. మీరెవరో మాకు తెలియాలి కదా?"

కవిత అలవాటు కొద్దీ పక్కకు చూసింది. ఎవరైనా అందుకుంటారేమోనని. గోరి కొంగు నోట్లో పెట్టుకుంది. ఎలుగుబంటిని కూర్చోబెట్టిన నాకు దగ్గు కూడా రాలేదు. అప్పుడు ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన గురించి తానే చెప్పుకుంది.

"మీరు నన్ను చూసిన్రు మేడమ్. ఉదయ్ భాస్కర్ వీడియో తెరువుండ్రి. ముందు వరుసల రెండు జడలు నావి. బోర్డు మీద లెక్క కింది సగం నాది."

అటువైపు మౌస్ టకటకలాడింది. తర్వాత, "వీడియోలు పంపే గడువు అయిపోయింది అమ్మా."

చూశారా, పద్ధతిలో లోపం ఎక్కడుంది? మా ఆచారం ప్రకారమే కవిత గురించి పక్కవాడు చెప్పాడు. జడలు చూపించాడు, దస్తూరీ చూపించాడు, తెలివి చూపించాడు. పేరొక్కటే మరిచిపోయాడు, పాపం. తొంభై సెకన్లలో ఎన్నని పడతాయి!

ఇప్పుడు కవిత భద్రాచలంలో డిగ్రీ చదువుతోంది. అక్కడ ఎవరూ వీడియో అడగలేదు. మార్కుల మెమో చూసి సీటిచ్చారు. ఎంత వెనకబడిన పద్ధతో!

అన్నట్టు, మొదట్లో మిమ్మల్ని చెయ్యెత్తమన్నాను, ఇష్టమున్నవాళ్లనే. ఎత్తనివాళ్ల పేర్లు రాసుకున్నాను.