ఒంటికన్ను పెట్టలో రొట్టెబుట్ట రణము

సీన్ నదికి దక్షిణతీరమున, ఆకురాలు కాలపు ఒకానొక శనివారమధ్యాహ్నమున, చినుకులు గొడుగులపై రణభేరి మ్రోయించుచుండగా, వందేండ్లనాటి పొగమసిని తుడువక దానినే కులధనమని చూపి గొప్పలు చెప్పుకొనునదియు, సినీతారామంత్రివర్యపాదధూళిపావితమని గోడలనిండ ఛాయాచిత్రములు తగిలించుకొన్నదియు, రుచికంటె ధరయందే అగ్రగణ్యమైనదియు నగు 'ఒంటికన్ను పెట్ట' యను బిస్ట్రోభోజనశాల వాకిట ఒక దంపతుల జంట నిలిచెను. ఓ ఆకలిదేవీ, నా నాలుకపై కూర్చుండి ఈ కథ చెప్పింపుము. లోపల మాత్రము కూర్చుండబోకుము. ముందుగా బల్ల ఖాయము చేసికొననిచో అచ్చట దేవతలకును కుర్చీ దొరకదు.

ముందు నిలిచినవాడు బెర్ట్రాన్. పాతాళరథసారథియై, అనగా మెట్రో రైలు నడిపి, విశ్రాంతి పొందినవాడు. వెనుక నిలిచినది అతని ధర్మపత్ని ఓదీల్, ఆదివారకుక్కుటపాకధురంధర. ఆమె ప్రతి ఆదివారము మీగడలో కోడిని వండును. అతడు రొట్టెముక్కతో కంచములోని సాసును కడుగ పనిలేనంతగా తుడుచును. ఆ దేశమున వంటమనిషికి అంతకు మించిన బిరుదు లేదు. అట్టి బెర్ట్రాన్ గతవారము మరదలి యెదుట, 'మీ అక్క కోడి ఫరవాలేదు గానీ, అసలు కోడంటే ఒంటికన్ను పెట్టదే, స్టార్లంతా అక్కడే తింటారు' అని నోరు జారెను. ఆ మాటను ఓదీల్ వారమంతయు మనసున మూటగట్టుకొనెను. నేడు వాకిట పలికెను.

"చూడు బెర్ట్రాన్. ఇక్కడ నువ్వు కంచం తుడిచావో, రేపట్నుంచి ఆదివారాలు నేను పొయ్యి ముట్టను. సలాడ్ కలుపుకు తిను."

"ఏమే, ఇంత పెద్ద చోటికొచ్చి పందేలేంటి? ఇక్కడెవరూ కంచం తుడవరు, మర్యాద కాదు."

"నోటికి బాగుంటే నీ చెయ్యి ఆగుతుందా? ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా నీ మర్యాద."

లోపల బల్లలు ఎంత యిరుకనిన, ఒకరి మోచేయి మరొకరి పులుసులో మునుగును. దీనిని వారు సంప్రదాయమందురు. పట్టికలో కోడి ధరను చూచి బెర్ట్రాన్ కండ్లద్దములు తుడిచి మరల చూచెను. ధర తగ్గలేదు. ప్రక్కబల్లవద్ద ఒక సినీకథానాయకుడు, ఇంటిలోపల ఎండ కాయుచున్నట్లు నల్లద్దములు ధరించి కూర్చుండెను. చిరకాలమునకు కోడి వచ్చెను. కంచము చెరువంత, కోడి చేరెడు, దాని చుట్టును ప్రఖ్యాతమగు సాసు. అంతలో వడ్డనవీరుడు ఎవారిస్త్ వచ్చి, వీరి బల్లమీది రొట్టెబుట్టను అపహరించి కథానాయకుని ముందు సమర్పించెను.

ఓదీల్ చేయెత్తెను. ఎవారిస్త్ చూపు ఆమె తలమీదుగా పోయి గోడను తాకెను. ఆ చూపే వాని బ్రహ్మాస్త్రము. ఆమె రెండవచేయియు ఎత్తెను.

"వస్తోంది మేడమ్."

"ఎక్కణ్ణుంచి బాబూ? గోధుమలింకా కోస్తున్నారా?"

"మా దగ్గర సాసుని ఫోర్కుతో ఆస్వాదిస్తారు మేడమ్."

"ఫోర్కుకి సందులున్నాయి నాయనా. కారిపోతుంది."

"ఊరుకోవే," అని బెర్ట్రాన్ గొణిగెను. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ. రొట్టె లేకపోతే తీర్పెలా తేలుతుంది? తుడవలేదు కాబట్టి నేను గెలిచానంటే, రొట్టే లేదు కదా అని రేపు మా చెల్లెలి ముందు నువ్వే అంటావు."

అప్పుడు, సాసుపై మీగడతెర కట్టుచుండగా, ముప్పదియేండ్ల ఆదివారముల మానము తన భుజముపై మోపబడియుండగా, ఆ వీరనారి ద్రాక్షాసవపాత్రలను దాటించి, ఉప్పుబుడ్డిని తప్పించి, పరాయిబల్ల సరిహద్దును అతిక్రమించి, దక్షిణహస్తమును చాచి, రొట్టెబుట్టను పిడికిట పట్టెను. కథానాయకుడు నల్లద్దములు కొంచెము దించెను.

"తీసుకోండమ్మా. నేను రొట్టె మానేసి చాలా కాలమైంది."

"కోడీ ముట్టలేదు, రొట్టే తినవు. మరెందుకొస్తావయ్యా ఇక్కడికి?"

"నా ఫోటో ఆ గోడ మీదుంది కదండీ," అని అతడు మెల్లగా పలికెను. "రాకపోతే తీసేస్తారు."

ఓదీల్ బుట్టను భర్త ముందుంచెను. బెర్ట్రాన్ ఒక ముక్క త్రుంచెను. ముప్పదియేండ్ల అభ్యాసమున ఆ చేయి తనంత తానే కంచముపైకి పోయెను. ఓదీలుకు నిజముగా భయము వేసెను. చేయి సాసుపై ఒక్కక్షణము నిలిచెను. పిదప వెనుకకు మరలెను. బెర్ట్రాన్ ఆ ముక్కను ఒట్టిదే నోట వేసికొని, చాలసేపు నమిలెను.

"రొట్టె బాగుంది," అనెను.

ఓదీల్ కిటికీ వైపు తిరిగి, రుమాలుతో పెదవులు అద్దుకొనుచు, నవ్వును దాచుకొనెను.

"రేపు మీగడ కాస్త ఎక్కువెయ్యి," అనెను బెర్ట్రాన్, కంచమును చూచుచు.

"వేస్తాలే. మా చెల్లెల్ని కూడా పిలుస్తున్నా. దాని ముందు తుడువు."

ఇట్లు, జగద్విఖ్యాతమును తారాగణసేవితమును నగు ఒంటికన్ను పెట్టవారి సాసు, తుడువబడక, తెరకట్టి, వచ్చినది వచ్చినట్లే వంటింటికి తిరిగి పోయెను. దానిని పారబోయుచు ఎవారిస్త్ సయితము ఏమియు గ్రహింపలేదు. లోకములారా, దిక్కులారా, వినుడు. ఓదీల్ గెలిచెను. బుట్టలో ఇంకను మూడు రొట్టెముక్కలు మిగిలియుండగా, వానిని చేతిసంచిలో వేసికొని మరీ గెలిచెను.