రెండో తాళంచెవి

ఆయన ఒక బీమా కంపెనీలో, దొంగతనానికి గురైన కార్ల విభాగానికి పెద్ద. పాలసీలోని నూట పద్నాలుగు క్లాజుల్నీ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలడు కనుక, ఆఫీసులో అందరూ ఆయన్ని వెనకాల క్లాజుగారు అనేవారు. ఆ పొద్దున క్లాజుగారి కార్యక్రమం చాలా తేలికైనది. తొమ్మిదిన్నరకు కార్లో బయల్దేరడం, పదకొండింటికి ఫిర్యాదుల కమిటీ ముందు కూర్చోవడం, పన్నెండుకల్లా ఒక రిటైరైన పంతులమ్మను ఓడించి భోజనానికి లేవడం.

పంతులమ్మ కారు ఎనిమిది నెలల కిందట కూరగాయల బజారు ముందునుంచి పోయింది. ఆవిడ పోలీసు కాగితం ఇచ్చింది, ఒక తాళంచెవి ఇచ్చింది, రెండోది ఎక్కడుందో తెలియదని దాచకుండా రాసిచ్చింది. క్లాజుగారు, "రెండో తాళంచెవి ఆచూకీ చెప్పలేని మనిషి కారు పోయిందంటే ఎలా నమ్మడం?" అని ఒకే ఒక్క వాక్యం రాసి క్లెయిము కొట్టేశాడు. ఆ వాక్యమంటే ఆయనకు ఎంత ముచ్చటంటే, దాని పక్కన పసుపు చీటీ అంటించి, ఎక్కడ మర్చిపోతానో అని ఫైలును ముందురోజు సాయంత్రమే తీసుకెళ్ళి కారు వెనకసీట్లో పెట్టేశాడు.

తీరా ఆ పొద్దున చూస్తే గోడమేకుకి తన కారు తాళంచెవి లేదు. సోఫా దిండ్ల కింద లేదు, నిన్నటి చొక్కా జేబులో లేదు, ఫ్రిజ్ మీదా లేదు. ఆయన భార్య ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. డ్యూటీకి వేళవుతోందని స్కూటరు హెల్మెట్ తగిలించుకుంటూ అడిగింది.

"రెండోది తీసుకెళ్ళొచ్చుగా?"

"రెండోది నీకిచ్చాను."

"ఎప్పుడు?"

"కారు కొన్నరోజున."

"ఆ సాయంత్రమే మీకు తిరిగిచ్చేశాను. మీరు జాగ్రత్తగా దాస్తానన్నారు."

జాగ్రత్తగా దాచిన మాట ఆయనకూ గుర్తొచ్చింది. ఎక్కడ అన్నది మాత్రం గుర్తు రాలేదు. భార్య స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

కారు కొన్న షోరూముకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి తీయగా పలికింది. "తాళం కోడు నంబరు చెప్పండి సార్."

"అది ఎక్కడుంటుందమ్మా?"

"చిన్న రేకుముక్క మీద ఉంటుంది సార్."

"ఆ రేకుముక్క ఎక్కడుంటుంది?"

"తాళంచెవికే కట్టి ఇస్తాం సార్. నంబరు లేకపోతే పదిరోజులు పడుతుంది."

ఆటోలో వెళ్దామంటే ఫైలు కార్లో ఉంది. ఫైలు లేకుండా వెళ్తే పసుపు చీటీ లేదు. చివరికి వీధి మలుపులో కరెంటు స్తంభం మీదున్న నంబరు చూసి తాళాల మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి పనిముట్ల సంచీ, ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరూ పట్టుకుని దిగాడు.

"కారు మీదేనాండీ?"

"నాదే."

"కాగితాలు?"

"లోపలున్నాయి."

"అందరూ అదే చెప్తారండీ."

"నన్ను అనుమానిస్తున్నావా?"

"అనుమానించకపోతే నా దుకాణం జైల్లో పెట్టుకోవాలి సార్. తలుపు తీస్తాను, ముందు కాగితాలు చూపించండి. తర్వాతే తాళం."

రోజూ ఇలాంటి మాటలు అనేది తానే కనుక, పడడం ఎలాగో క్లాజుగారికి తెలియలేదు. మేస్త్రి తలుపు సందులోకి గాలిసంచీ దోపి, సన్నటి ఊచతో లోపలి గడియ లాగాడు. తలుపు తెరుచుకుంది. మరుక్షణం కారు వీధి వీధంతా వినపడేలా మొత్తుకోవడం మొదలెట్టింది. బాల్కనీల్లోకి జనం వచ్చారు. మూడో అంతస్తు నుంచి ఎవరో పుణ్యాత్ముడు పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ పక్కవీధిలోనే ఉన్న కానిస్టేబులు నాలుగు నిమిషాల్లో దిగాడు. మేస్త్రి బ్యాటరీ వైరు పీకి కారు నోరు మూయించాక, కానిస్టేబులు డాష్‌బోర్డు పెట్టెలోంచి కాగితాలు తీసి చదివాడు.

"ఇందులో ఆడమనిషి పేరుందండీ."

క్లాజుగారికి అప్పుడు గుర్తొచ్చింది. ఏదో రాయితీ వస్తుందని కారు భార్య పేరున కొన్నాడు. "మా ఆవిడ. పాలసీ నలభై రెండో క్లాజు ప్రకారం యజమాని కుటుంబ సభ్యుడంటే..." అని మొదలుపెట్టాడు. కానిస్టేబులు అది వినకుండా, ఆవిడ పనిచేసే ఆసుపత్రి నంబరు మాత్రం అడిగి ఫోన్ కలిపాడు.

"అమ్మా, మీ కారు తలుపు తీయిస్తున్న మనిషిని పట్టుకున్నాం. తాను మీ ఆయనేనంటున్నాడు."

అవతల నుంచి ఆవిడ అడిగింది. "అడిగిన ప్రతిదానికీ రూలు చెప్తున్నాడా?"

"అదే పనిలో ఉన్నాడమ్మా."

"అయితే మా ఆయనే. నేనొస్తున్నా, తాళం చేయించండి."

ఆవిడ ఒప్పుకున్నా మేస్త్రి ఒప్పుకోలేదు, రాసి సంతకం పెడితేనే అన్నాడు. కానిస్టేబులు కూడా తనకో ప్రతి కావాలన్నాడు. క్లాజుగారు వెనకసీట్లోని ఫైలు తీసి, బానెట్ మీద ఆనించి, మూడు ప్రతులు రాశాడు. పాతికేళ్ళుగా ఇతరుల వాంగ్మూలాలు చదివిన చెయ్యి కదా, బాగానే సాగింది. "రెండు తాళంచెవులూ ఎక్కడున్నాయో తెలియదు. ఇందులో మా నిర్లక్షం ఏమీ లేదు. నలుగురు మసలే ఇంట్లో వస్తువులు కనబడకపోవడం సహజం. నా మాట నమ్మవలసిందిగా ప్రార్థన." ఒకటి మేస్త్రికిచ్చాడు, ఒకటి కానిస్టేబులుకిచ్చాడు. తనకని రాసుకున్న మూడోది ఫైలు క్లిప్పు కిందే ఉండిపోయింది.

మేస్త్రి బ్యాటరీ వైరు మళ్ళీ బిగించి, తన కంప్యూటరు వైరు స్టీరింగు కింద తగిలించాడు. "తాళంచెవికున్న ఇనప పళ్ళు తలుపు తీస్తాయంతే సార్. లోపలున్న చిప్పు తన నంబరు చెప్తేనే ఇంజను కదుల్తుంది. పాత నంబర్లన్నీ చెరిపేస్తున్నా, దొరికినవాడు కారెత్తుకుపోకుండా. ఇంట్లో పాత తాళంచెవి ఏదైనా ఉంటే ఇప్పుడే తెండి, దాన్నీ ఎక్కిస్తా."

"ఏదీ లేదు. చెరిపెయ్," అన్నాడు క్లాజుగారు, చాలా రోజుల తర్వాత ఒక భద్రతా నియమం తెలుసుకున్న ఆనందంతో.

కొత్త తాళంతో ఇంజను మోగింది. అదే సమయానికి భార్య స్కూటరు దిగింది. కానిస్టేబులుకి గుర్తింపుకార్డు చూపిద్దామని హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. కార్డుకంటే ముందు తాళంచెవి వచ్చింది.

"నిన్న సామాన్లు దించుతూ, చేతులు ఖాళీ లేవు పట్టుకోమన్నారు," అంది ఆవిడ మెల్లగా.

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పుడిది తలుపుకే పనికొస్తుందమ్మా. ఇంజను దీన్ని గుర్తుపట్టదు."

పదకొండూ పదికి, చొక్కా వెనక చెమటతో, క్లాజుగారు కమిటీ గదిలో కాలుపెట్టి ఫైలు అందించాడు. ఎదురుగా పంతులమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. నెలకు రెండుసార్లు కీళ్ళ వైద్యుడి దగ్గరికి రెండు బస్సులు మారి వెళ్తున్న మనిషి. అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకుని పైనున్న కాగితం చదివి, ఆవిడవైపు మెచ్చుకోలుగా చూశాడు.

"చాలా నమ్మకంగా రాశారమ్మా. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా కంపెనీ ఎందుకు కాదందో నాకర్థం కావట్లేదు."

పంతులమ్మ కాగితం అందుకుని చదివింది. "ఇది నేను రాసింది కాదండీ. నిర్లక్ష్యంలో క్షకి య వత్తు లేదు. నేనైతే అలా రాయను."

అధ్యక్షుడు సంతకం చూశాడు, తేదీ చూశాడు, చివరికి క్లాజుగారిని చూశాడు.

"దొరికాయాండీ?" అని అడిగింది పంతులమ్మ. గొంతులో వెటకారమేమీ లేదు. తాళాలు పోయిన ఇంట్లో పడే యాతన తెలిసిన మనిషి అడిగినట్టే అడిగింది.

"ఒకటి దొరికిందండీ."

"మరి రెండోది?" అన్నాడు అధ్యక్షుడు.

ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి ఎప్పుడూ బల్లకు అవతలివైపు ఉండేవాడు. క్లాజుగారు పసుపు చీటీ వంక చూశాడు, గోడ వంక చూశాడు. తర్వాత, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఏ క్లాజూ చెప్పకుండా, "తెలియదండీ, నిజంగానే తెలియదు," అన్నాడు.

"నిజమే అయ్యుంటుందండీ," అంది పంతులమ్మ.

పంతులమ్మకు మొత్తం చెల్లించమని పన్నెండుకల్లా ఉత్తర్వు వచ్చింది. పైవారం ప్రధాన కార్యాలయం అన్ని శాఖలకూ ఒక సర్క్యులరు పంపింది. ఇకమీదట రెండో తాళంచెవి లేనివాళ్ళు ఒక వాంగ్మూలం రాసిస్తే చాలునని, అది ఎలా రాయాలో దీంతో జతచేసిన నమూనా చూసి నేర్చుకోవచ్చునని అందులో ఉంది. నమూనాలో సంతకం కొట్టేశారు గానీ, చదవడానికి వీలుగానే కొట్టేశారు.