సగటున రెండు వందల ముప్ఫై

విద్యుత్ మంత్రిగారూ, నాణ్యత కమిషనర్‌గారూ, ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ మాడ్చింది మీరే. ఇంజను ఆపరేటర్ నాబ్ తిప్పాడంతే, తిప్పించింది మీరు. అయితే మీరు చేసిన మేలు కూడా చెప్పకపోతే కళ్లు పోతాయి కాబట్టి మొదటినుంచీ వరసగా చెప్పుకోవాలి.

ఆ దీవికి అవతలి ఒడ్డు నుంచి కరెంటు తీగ లేదు. ఉన్నది ఒక్క డీజిల్ ఇంజను, దాని పక్కన ఒక్క ఆపరేటర్. వోల్టేజ్‌ని ఎప్పటికప్పుడు సరిచేసే పెట్టె ఒకటుండేది, టిఫిన్ డబ్బా అంత. దాన్ని రెగ్యులేటర్ అంటారు. రెండేళ్ల కిందట అది కాలిపోయింది. అప్పటినుంచి ఆపరేటరే రెగ్యులేటర్. స్టూలు మీద కూర్చుని, చెయ్యి నాబ్ మీద వేసి, చెవి ఇంజను మీద పెడతాడు. ఇంజను మూలిగిందంటే వెల్డరు పని మొదలెట్టాడని లెక్క. వోల్టేజ్ పడుతుంది, నాబ్ కుడికి తిప్పాలి. ఇంజను హమ్మయ్య అనుకుందంటే వెల్డరు టీకి లేచాడని లెక్క. వోల్టేజ్ ఎగురుతుంది, ఎడమకి తిప్పాలి. ఆపరేటర్ అన్నానికి లేచిన సంగతి ఊళ్లో ఎవరూ చెప్పక్కర్లేదు, లైట్లే చెప్పేవి.

కొత్త రెగ్యులేటర్ కోసం అతను శాఖకి పదకొండు ఉత్తరాలు రాశాడు. పదకొండింటికీ జవాబు వచ్చింది: "మీ ఉత్తరం అందినది." పన్నెండోదానికి ఏకంగా మంత్రిగారి ప్రకటనే వచ్చింది. "నేటి నుంచి దీవి ప్రజలకు నాణ్యమైన వోల్టేజ్ అందించాలని ప్రభుత్వం దృఢంగా నిశ్చయించింది." ఆ నిశ్చయం వెనకాలే పడవలో కమిషనర్ దిగాడు. చేతిలో స్పానర్ లేదు, కాలిక్యులేటర్ ఉంది.

"వోల్టేజ్ ఎంతుండాలోయ్?" అన్నాడు పవర్ హౌస్‌లోకి వస్తూనే.

"రెండు వందల ముప్ఫై సార్."

"నిన్న ఎంతుంది?"

"నిన్న పంటినొప్పి సార్, నాబ్ దగ్గర సరిగ్గా కూర్చోలేదు. పొద్దున నూట తొంభైకి పడింది. సాయంత్రం రెండు వందల డెబ్భైకి లేచింది."

కమిషనర్ రెండూ కూడాడు. రెండుతో భాగించాడు. కాలిక్యులేటర్‌ని ఆపరేటర్ మొహం ముందు పెట్టాడు.

"రెండు వందల ముప్ఫై. అచ్చంగా. మరి పదకొండు ఉత్తరాలెందుకు రాశావయ్యా?"

"పన్నెండు సార్. అది సగటు సార్. బల్బుకి సగటు తెలీదు."

"తెలియజేద్దాం," అన్నాడు కమిషనర్.

ఆపరేటర్ అక్క ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఈ మాట విని ఆమె నవ్వలేదు. "మా వార్డులో ఒకడికి నూట నాలుగు జ్వరం. పక్క మంచం మీద పొద్దున పోయినాయన చల్లగా ఉన్నాడు. సగటు తీసి ఇద్దర్నీ డిశ్చార్జ్ చెయ్యమను మీ కమిషనర్‌ని," అంది. ఆమెకి నవ్వు రాకపోవడానికి కారణముంది. పిల్లల టీకాలు దాచే ఫ్రిజ్‌లు ఆవిడ దగ్గర అప్పటికే రెండు కాలిపోయాయి. మూడోది నడుస్తోంది. దాన్ని ఆవిడ పసిబిడ్డలా చూసుకుంటోంది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రోజుకి ఐదు సార్లు రీడింగ్ తీయాలి. ఐదింటి సగటు రెండు వందల ముప్ఫైకి ఒక్క వోల్టు తగ్గినా సహించేది లేదు. తగ్గితే ఆ లోటు అదే రోజు సాయంత్రం ఐదింటికి తీసే ఆఖరి రీడింగులో భర్తీ చేసి ప్రజలకి అందజేయాలి.

ప్రజలు సంబరపడ్డారు. రిటైరైన లెక్కల మేష్టారు ఏకంగా దరఖాస్తు పెట్టుకున్నాడు: "మొన్న మంగళవారం మా ఇంటికి నలభై వోల్టులు తక్కువ వచ్చినవి. నేను ఊళ్లో లేని రోజు చూసి ఇప్పించగలరు." కమిషనర్ దాని మీద "పరిశీలించవలెను" అని రాసి ఫైల్లో పెట్టాడు.

భర్తీకి తొలి అవకాశం శుక్రవారం దక్కింది. ఆ రోజు ఐస్ ఫ్యాక్టరీ మోటారు ఆగకుండా తిరిగింది, వెల్డరు టీకి లేవలేదు. ఆపరేటర్ నాబ్ కుడి చివరిదాకా తిప్పి పట్టుకున్నా ఇంజను మూలుగుతూనే ఉంది. నాలుగు రీడింగులు: రెండు వందల పదిహేను, రెండు వందల పది, రెండు వందలు, రెండు వందల అయిదు. కమిషనర్ కాలిక్యులేటర్ నొక్కాడు.

"ఐదింటికి మూడు వందల ఇరవై కావాలి."

"సార్, ఫ్యాక్టరీ కట్టేశాక ఈ నాబ్ ఇలాగే ఉంచితే వస్తుంది. కానీ ఊరు కాలిపోద్ది."

"ఊరికి రావలసిందే ఊరికిస్తున్నాం. తిప్పు."

"మా అక్క ఫ్రిజ్ ఉంది సార్."

"మీ అక్క ప్రజల్లో మనిషి కాదా? ఆవిడ వాటా ఆవిడకి వద్దా?"

ఆపరేటర్ చెయ్యి తీసేశాడు. కమిషనర్ ఆ చెయ్యి పట్టుకుని మర్యాదగా మళ్లీ నాబ్ మీద పెట్టాడు. మూడు వందల ఇరవై వచ్చింది. బజారులో బల్బులు ఒకదాని వెనక ఒకటి టప్ టప్‌మన్నాయి. మంగలి షాపులో ఫ్యాను కస్టమర్ల జుట్టంతా ఊడ్చి వీధిలో పోసింది. కమిషనర్ రిజిస్టర్లో "సగటు: 230" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

మర్నాడు అక్క పవర్ హౌస్‌కి వచ్చేసరికి ఆమె చేతికి ఇంకా మాడిన మూడో ఫ్రిజ్ వాసన.

"నీ చేత్తోనే తిప్పావట్రా?"

"ఆర్డరక్కా."

"ఆర్డరు ఆయనది, చెయ్యెవరిదిరా?"

ఆవిడే మళ్లీ అంది. "నాలుగో ఫ్రిజ్ పొద్దున పడవలో దిగింది. ఇదే ఆఖరిదని చెప్పారు. దాని అట్టపెట్టె కూడా విప్పను. టీకాలన్నీ ఐస్ పెట్టెలో పెట్టాను. అందులో మంచు రేపు పొద్దుటిదాకే. ఆలోపు నీ రెగ్యులేటర్ వస్తే ఫ్రిజ్ పెడతాను. రాకపోతే నలభై మంది పిల్లల తల్లులకి నువ్వే చెప్పుకో."

"ఇవాళ మంత్రిగారొస్తున్నారుగా అక్కా. అడుగుతాను."

నిజంగానే మంత్రిగారు వచ్చారు. వారం మొత్తం సగటు రెండు వందల ముప్ఫై సాధించినందుకు ఆపరేటర్‌కి శాలువా కప్పడానికి, కూడలిలో కొత్త ఎలక్ట్రానిక్ బోర్డు ప్రారంభించడానికి. మనిషి ఎత్తున్న ఎర్ర అంకెలు. "దీవి వోల్టేజ్: 230." ఆ అంకె రెప్ప కూడా వేయదు.

"మీటర్ ఎక్కడుంది సార్ దీనికి?" అన్నాడు ఆపరేటర్ మెల్లిగా.

"మీటర్ పెడితే అంకె కదులుతుందయ్యా," అన్నాడు కమిషనర్. "నాణ్యత అంటే స్థిరత్వం."

సూర్యుడు కుంగాడు. స్టేజీ లైట్లన్నీ ఒక్కసారి వేశారు. ఆపరేటర్ మెడలో శాలువా పడింది. మంత్రిగారి ఉపన్యాసం నడుస్తుండగా ఆపరేటర్ చెవి నిక్కబొడుచుకుంది. దూరంగా ఇంజను మూలుగుతోంది. నాబ్ మీద ఎవరి చెయ్యీ లేదు. చెయ్యి స్టేజీ మీద ఉంది.

ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది.

మైకు పోయింది. లైట్లు పోయాయి. వీధులు, దుకాణాలు, ఆరోగ్య కేంద్రం అన్నీ చీకటి. కూడలిలో బోర్డు మాత్రం ధగధగ వెలుగుతోంది: "దీవి వోల్టేజ్: 230."

"చూశారా," అన్నారు మంత్రిగారు గొంతెత్తి, "ఇంత చీకట్లో కూడా ఒక్క వోల్టు తగ్గలేదు."

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల కింద ఆపరేటర్ చెవికి ఇంకో చప్పుడు దొరికింది. చిన్న ఇంజను. మూలగడం లేదు, హాయిగా నడుస్తోంది. బోర్డు వెనక్కి వెళ్లి టార్పాలిన్ ఎత్తాడు. బోర్డు కోసమే తెచ్చిన చిన్న జనరేటర్. దాని పక్కన టిఫిన్ డబ్బా అంత పెట్టె బిగించి ఉంది. పెట్టెకి దారంతో కట్టిన చీటీ ఎర్ర వెలుగులో చదవడానికి వీలుగానే ఉంది: "పవర్ హౌస్ ఆపరేటర్‌కు. పన్నెండవ ఉత్తరం మేరకు."

"బోర్డు మినుకు మినుకుమంటే బాగోదని," అన్నాడు వెనకాలే వచ్చిన కమిషనర్.

ఆపరేటర్ మెడలోంచి శాలువా తీసి కమిషనర్ భుజం మీద వేశాడు. జేబులోంచి స్పానర్ తీశాడు. జనంలో ముందు వరసలో అక్క ఐస్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఈ పెట్టె నాది," అన్నాడు ఆపరేటర్. మైకు లేకపోయినా ఆఖరి వరసదాకా వినపడింది. "బోర్డు ఆపండి సార్. ఇప్పుడే. ఇంకో ఉత్తరం రాసేది లేదు. ఎవరి దగ్గర టార్చి ఉంటే వాళ్లు ఇటు పట్టండి."