ప్రత్యేకాధికారి చెవిలో గడ్డిపరక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల ప్రజలకు సవినయంగా తెలియజేయునది ఏమనగా, చెవిలోని గులిమిని ఇకమీదట ఎవరికి వారు తీసుకోవడం అనాగరికం. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, బైకు తాళంచెవి మొదలైన పరికరాలతో తరతరాలుగా సాగిన ఈ కుటీర పరిశ్రమకు కాలం చెల్లింది. మదనపల్లెలో టమోటా మార్కెట్టు యార్డుకు పోయే రోడ్డులో ‘కర్ణశుద్ధి సూపర్ స్పెషాలిటీ క్లినిక్’ వెలసింది. ఈ మేరకు అచ్చయిన కరపత్రం దినపత్రికల మడతల్లో దూరి ఇంటింటికీ చేరింది. పత్రిక చదవనివాళ్లు కూడా దాన్ని రెండుసార్లు చదివారు.

క్లినిక్ యజమాని డాక్టర్ గిరీష్ గారు బెంగళూరులో చదువుకుని వచ్చినవారు. మనిషి చెవిలోకి కెమెరా దించి, లోపలి దృశ్యాన్ని బయట హాల్లోని పెద్ద టీవీలో చూపిస్తారు. ఇంటిల్లిపాదీ వరుసగా కుర్చీల్లో కూర్చుని, తమ పెద్దాయన చెవిలోంచి ఏం వస్తుందా అని కళ్లార్పకుండా చూస్తారు. వజ్రం ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు తీసిన గులిమిని గాజు సీసాలో పెట్టి, పేరు, తేదీ రాసి ఇస్తారు. కొందరు దాన్ని ఇంట్లో టీవీ పక్కన పెట్టుకున్నారు. ఒక పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయి చెవి వీడియో అడిగారట. అమ్మాయి తరఫువాళ్లు తక్కువ తినలేదు, అబ్బాయిది అడిగారు. రెండు కుటుంబాలూ కూర్చుని రెండు వీడియోలూ చూశాయి. ఆ సంబంధం ఎందుకో ముందుకు సాగలేదు.

నాలుగు నెలల్లోనే శాఖలు కూడా తెరిచారు. ‘చెవులున్న ప్రతి ఒక్కరికీ ఆహ్వానం’ అని పుంగనూరులో బ్యానరు కట్టేసరికి, ఒక రైతు తన పొట్టి ఆవును తోలుకొచ్చి వరుసలో నిలబెట్టాడు. దాని చెవులు తన చెవులకన్నా పెద్దవని, కాబట్టి ముందు దాన్నే చూడాలని వాదించాడు. కుప్పం శాఖలో బోర్డు తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ రాయించారు. ఏ భాష విని పేరుకున్న గులిమి అయినా సమాన గౌరవంతో తీయబడునని అందులో హామీ ఉంది.

చికిత్స వల్ల కొన్ని ఇబ్బందులు కూడా రాకపోలేదు. టమోటా వేలం నడిపే ఒక మండీ యజమాని రెండు చెవులూ శుభ్రం చేయించుకుని మర్నాడే తిరిగొచ్చాడు. ఇన్నేళ్లుగా రైతులు తన పక్కన నిలబడి గిట్టుబాటు కావడం లేదంటున్నారని తనకు ఇప్పుడే తెలిసిందట. ఆ మాటలు చెవిన పడుతుంటే అన్నం సయించడం లేదని వాపోయాడు. డాక్టరు గారు దయతలచి రెండు చెవుల్లోనూ దూది పెట్టి పంపారు. దూదికి వేరే రుసుము లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను ఒక చిన్న పత్రికకు విలేకరిని. మా ప్రాంతంలో వినతుల స్వీకరణకు ఒక ప్రత్యేకాధికారి ఉన్నారు, పేరు శ్రీ భీమరావు గారు. ప్రతి సోమవారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా ప్రజల కష్టాలు వినడం ఆయన ఉద్యోగం. దురదృష్టవశాత్తూ ఆయనకు వినబడదు. అర్జీదారు నోరు తెరవగానే ఆయన కుడిచేతిని చెవికి అడ్డంపెట్టి, “కొంచెం గట్టిగా చెప్పమ్మా, ఈ చెవి మొరాయిస్తా ఉండాది” అంటారు. అర్జీదారు అరుస్తాడు. వరండాలో ఉన్నవాళ్లకూ, రోడ్డు మీద పోయేవాళ్లకూ ఆ కష్టం తెలిసిపోతుంది. ఆయన తల పంకించి, “విన్నాను, చూస్తాం” అంటారు. వినడమూ చూడడమూ ఒక్క వాక్యంలో ముగించగల అధికారి అంతకుముందు మాకు దొరకలేదు. ‘సారు మంచోడే, పాపం చెవే సరిగా లేదు’ అని జనం జాలిపడేవారు.

అలా జాలిపడినవాళ్లలో చెంగమ్మ ఒకతె. చౌడేపల్లె పక్కన ఎర్రబండపల్లె ఆమె ఊరు. ఊరికి ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. ఆడవాళ్లు రెండు కిలోమీటర్లు నడిచి, ఒక రైతు మోటారు దగ్గర కరెంటు ఉన్నప్పుడు బిందెలు నింపుకుంటారు. మనుషులైతే ఎలాగో తాగుతారు గాని, బిందె నీళ్లతో పాడిపశువులు బతకవు. చెంగమ్మ ఇప్పటికే రెండు ఆవులను అమ్మేసింది. మిగిలింది ఒక ఎర్రావు, దాని పెయ్య. ఎండాకాలం ముదిరేలోగా నీళ్లు రాకపోతే ఆ రెండూ కూడా సంతకు పోవాల్సిందే. అందుకని ఆమె మొదటి సోమవారం బస్సెక్కి వచ్చి, సారు చెవి దగ్గర నిలబడి అరిచింది.

“మా ఊరికి ఒక బోరు ఎయ్యండి సామీ.”

“బోర్డా? తప్పకుండా వేయిస్తాం” అన్నారు భీమరావు గారు.

పది రోజుల్లో ఎర్రబండపల్లెకు ఇనుప బోర్డు వచ్చింది. నీలిరంగు మీద తెల్లని అక్షరాలతో ‘ఎర్రబండపల్లెకు స్వాగతం’ అని ఉంది. పొరపాటు జరిగిందని చెంగమ్మ మళ్లీ వెళ్లి ఇంకా గట్టిగా అరిచింది. ఊరికి రెండో చివర ‘మళ్లీ రండి’ అనే బోర్డు వెలిసింది. మూడోసారి ‘నీరు ప్రాణాధారం, వృథా చేయరాదు’ వచ్చింది. దాన్ని ఎండిన బోరు పక్కనే పాతారు. నాలుగోసారి పగుళ్లిచ్చిన కుంట గట్టు మీద ‘లోతు ఎక్కువ, ఈత కొట్టరాదు’ అని హెచ్చరిక వెలిసింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ కుంటలో ఒక్కరు కూడా మునిగి చనిపోలేదని అధికారిక నివేదికలో రాసుకున్నారు. ఐదో బోర్డు మీద ‘ఈ గ్రామంలో ఐదు బోర్డులు కలవు’ అని ఉంది. ఆరోది ఆ లెక్కను సవరిస్తూ వచ్చింది.

చెంగమ్మ ఇచ్చిన ప్రతి అర్జీలోనూ బోరు అనే స్పష్టంగా రాసి ఉంది కదా అని పాఠకులు అడగవచ్చు. నిజమే, ఉంది. కాని అర్జీ తీసుకోవడం ఒక విభాగం పని, చదవడం మరో విభాగం పని. ఆ రెండో విభాగం ఇంకా మంజూరు కాలేదు.

ఎర్రబండపల్లె నుంచి వెళ్లి కర్ణశుద్ధిలో రిసెప్షనిస్టుగా చేరిన శ్వేత అనే అమ్మాయి ఉంది. ఒకనాడు చెంగమ్మ నేరుగా ఆమె దగ్గరికి పోయింది.

“శ్వేతా, మీ డాక్టరుకి సెప్పి ఆ సారు సెవులు కడిగించమ్మా. ఆయన మనసు మంచిదే. అడ్డం గుబిలి ఉండాది, అంతే. అది తీసేస్తే మన ఊరికి నీళ్లొస్తాయి.”

శ్వేత ఈ మాట డాక్టరు గారి చెవిన వేసింది. కొత్తగా తెప్పించిన యంత్రానికి ప్రారంభోత్సవం పెట్టాలని, ముఖ్య అతిథి కోసం ఆయన అప్పటికే వెతుకుతున్నారు. ప్రత్యేకాధికారి గారి చెవులను ప్రజల సమక్షంలో శుభ్రం చేయబోతున్నట్టు వెంటనే బ్యానర్లు వేయించారు. భీమరావు గారు కూడా కాదనలేకపోయారు. ప్రజల కోసం చెవులు అప్పగించనని ఏ అధికారి అనగలడు?

ఉత్సవానికి ముందురోజు యంత్రాన్ని పరీక్షించడానికి ఒక చెవి కావలసి వచ్చింది. డాక్టరు గారు ఉత్సవం కోసం ముందే వచ్చిన చెంగమ్మను ఉచితంగా కూర్చోబెట్టారు. గడ్డిమోపులు మోసి మోసి ఉన్న చెవి అది. గులిమి బాగానే వచ్చింది. చివర్లో ఎండిన గడ్డిపరక ఒకటి, కొసన ముడితో సహా ఊడివచ్చింది. టీవీలో దాన్ని చూసి చెంగమ్మ సిగ్గుపడి నవ్వింది. యంత్రం ఇదంతా రికార్డు చేసుకుంది.

మర్నాడు హాలు కిక్కిరిసింది. విలేకరులకు ముందు వరుస ఇచ్చారు, ఉచిత కూపను కూడా ఇచ్చారు. డాక్టరు గారు మైకు అందుకుని ప్రసంగించారు. “ప్రజాస్వామ్యానికి మూలం ఓటు అని చాలామంది పొరబడుతున్నారు. మూలం చెవి. ఓటు అయిదేళ్లకు ఒకసారి, చెవి మాత్రం ఆరు నెలలకు ఒకసారి శుభ్రం చేయించాలి” అన్నారు. మేము చప్పట్లు కొట్టాం.

కెమెరా భీమరావు గారి చెవిలోకి దిగింది. టీవీ మీద ఒక గుహ కనిపించింది. ఈ మాట నేను పూర్తి బాధ్యతతో చెబుతున్నాను, ఆ గుహ తోమిన ఇత్తడి చెంబులా తళతళలాడింది. అందులో గులిమి రవ్వంత కూడా లేదు.  డాక్టరు గారు శ్వేత వైపు చూశారు. శ్వేత ఒక మీట నొక్కి తల దించుకుంది. టీవీ ఒకసారి మిణుకుమని మళ్లీ వెలిగింది. ఈసారి గులిమి పొరలు పొరలుగా కనిపించింది. జనం ‘ఆహా’ అన్నారు. కింది పొర గత ప్రభుత్వ కాలం నాటిదని డాక్టరు గారు వేలుపెట్టి చూపించారు. ఒక్కొక్క పొరే ఊడివచ్చింది. చిట్టచివర ఎండిన గడ్డిపరక ఒకటి, కొసన ముడితో సహా బయటపడింది.

“పల్లె ప్రజల మధ్య తిరిగే అధికారి కదా, గడ్డి తప్పదు” అని డాక్టరు గారు వివరించారు. భీమరావు గారు కుర్చీలోంచి లేచి, ఇప్పుడు చీమ నడిచినా వినబడుతోందని ప్రకటించారు. పూలదండలు పడ్డాయి. ఆయన్ని టీ తాగడానికి పక్కకు తీసుకుపోయారు. నేను బిస్కెట్ల కోసం వెనకే వెళ్లాను కాబట్టి, ఆ తర్వాత జరిగింది దగ్గర్నుంచే విన్నాను.

చెంగమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఈసారి అరవలేదు. పక్కింటామెతో మాట్లాడినట్టు మెల్లగా అంది.

“సార్, ఆ గడ్డిపరక నాది.”

“నాది కాదని తెలుసమ్మా” అన్నారాయన. ఆయన చెయ్యి చెవి దగ్గరకు పోలేదు.

“అయితే మీకు ముందునుంచీ వినబడతాండాదా?”

“మొదటి సోమవారమే విన్నాను. బోరు అనే అన్నావు. బోరుకు పైనుంచి మంజూరు కావాల. అది నా చేతిలో లేదు. బోర్డుకైతే నేనే సంతకం పెట్టొచ్చు. వచ్చినోళ్లని ఉత్తచేతులతో పంపకూడదు కదమ్మా.”

“మరి ఇన్ని నెలలు నాతో యాల అరిపిచ్చినారు సార్?”

భీమరావు గారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన ముఖంలో కోపం లేదు. నిజంగా మేలు చేసేవాడి నెమ్మదే ఉంది. “చెవుడు అనుకుంటే జనం అరిచిపోతారు. అరిచినోళ్లు ఇంటికి పోయి వారం దినాలు సల్లగా ఉంటారు. వినబడిందని తెలిస్తే పని అడుగుతారమ్మా” అన్నారు.

 చెంగమ్మ హాల్లోకి నడిచి, డాక్టరు గారు బల్ల మీద వదిలేసిన మైకు అందుకుంది. మైకు బాగానే పనిచేస్తోంది. ఆమె మాట గోడలకు తగిలి తిరిగొచ్చింది.

“అప్పా, అమ్మా, ఒక మాట వినండి. సారుకి సెవుడు లేదు. మా బోరు మాట ఆయన మొదటిరోజే విన్యాడు. టీవీలో మీరు సూసింది నా సెవి.”

హాల్లో నూటయాభై మంది ఉన్నాం. అందులో సగం మంది ఆ నెలలోనే చెవులు శుభ్రం చేయించుకున్నవాళ్లు. భీమరావు గారితో అందరికీ ఏదో ఒక పని ఉంది. మండీ యజమాని మొదట కుడిచేతిని చెవికి అడ్డంపెట్టాడు. “ఏమంటాండావమ్మా? కొంచెం గట్టిగా సెప్పు” అన్నాడు. అతని పక్కవాడు కూడా చెయ్యి పెట్టాడు. వరుస వెంబడి వరుస, చేతులన్నీ చెవుల దగ్గరకు లేచాయి. ఆమె మళ్లీ చెప్పింది. మేము ముందుకు వంగి, ఎంతో శ్రద్ధగా, ఏమీ వినబడనట్టు ముఖాలు పెట్టాం. మూడోసారి ఆమె చెప్పలేదు. మైకు బల్ల మీద పెట్టి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

మర్నాటి పత్రికలో నా వార్త వచ్చింది. ‘ప్రత్యేకాధికారికి చెవి స్వస్థత, చెంగమ్మ హర్షం.’ ఆ తర్వాతి సోమవారాల్లో చెంగమ్మ రాలేదు. ఆమె అర్జీ మీద ‘సమస్య పరిష్కరించబడినది’ అని ముద్ర పడింది. ఎర్రావు సంతలో అమ్ముడుపోయింది. పెయ్య మిగిలింది. దానికి నీడ కోసం చెంగమ్మ ఆరు బోర్డులనూ పీకి కొట్టం మీద కప్పింది. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద ఆమెకు నోటీసు వెళ్లింది. దాన్ని తెచ్చిన సిబ్బంది ఆమె గుమ్మం ముందు నిలబడి, ఊరంతటికీ వినబడేలా గట్టిగా చదివారట.

నా దగ్గర ఉచిత కూపను ఉంది కదా అని నిన్న నేనూ కర్ణశుద్ధికి వెళ్లాను. ఆ రోజు నుంచి ఏదో సరిగా లేదని నాకే అనిపిస్తోంది. డాక్టరు గారు రెండు చెవుల్లోనూ కెమెరా దించి, టీవీ వైపు చూసి, కెమెరా బయటకు తీశారు.

“మీ చెవుల్లో ఏమీ లేదు సార్. చాలా శుభ్రంగా ఉన్నాయి” అన్నారు.

నేను కుడిచేతిని చెవికి అడ్డంపెట్టి, కొంచెం గట్టిగా చెప్పమన్నాను.